స్పిట్‌ఫైర్ ట్రనియన్‌లో గ్రీజా, గేర్ ఆయిలా?

ముందు మీ సమస్య ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, ఇది చదివే మిగతావాళ్లకూ తెలియాలి కదా. మీది 1968 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, మీ పెదనాన్నగారు వాడిన బండి. గుంటూరు బ్రాడీపేటలో ఇంటి వెనక షెడ్డులో తొమ్మిదేళ్లు కదలకుండా ఉంది. ఇప్పుడు ఇంజను స్టార్ట్ అయింది గానీ స్టీరింగ్ తిప్పితే భుజాలు పట్టేస్తున్నాయి, మలుపు తిరిగాక చక్రం తనంతట తాను తిన్నగా రావడం లేదు, గతుకు వస్తే కిర్రుమంటోంది. విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్తే అక్కడి మేస్త్రి కింద పడుకుని కనబడిన ప్రతి చోటా గ్రీజు కొట్టాడు. ‘ముందు చక్రాల దగ్గర ఆయిల్ పట్టించాలట కదా’ అని మీరంటే నవ్వాడు. కార్తీక మాసంలో బండేసుకుని సూర్యలంక వెళ్లాలనుకుంటున్నారు, వెళ్లొచ్చా అని అడిగారు.

ఆయిల్ సంగతి మీరు విన్నదే నిజమండీ. మేస్త్రి నవ్వాడంటే ఆయన్ని తప్పు పట్టలేను. ఆటోనగర్‌లో నా వయసు వాళ్లందరి చేతులూ అంబాసిడర్ల మీద, లారీల మీద తిరిగినవే. అంబాసిడర్‌కు ముందు చక్రాల దగ్గర నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) కనిపిస్తే గన్ పెట్టి గ్రీజు కొట్టడమే. నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే ఒక బండిని పాడుచేశాను. ఆ కథ తర్వాత చెప్తాను.

మీ బండి ముందు చక్రాన్ని పట్టుకుని ఉండేది వర్టికల్ లింక్ అనే నిలువు ఉక్కు ముక్క. దాని పై కొసకు బాల్ జాయింట్. కింది కొసకు మరలు ఉంటాయి. ఆ మరలు ఇత్తడి జాతి లోహంతో చేసిన ఒక దిమ్మెలోకి బోల్టు నట్టులోకి ఎక్కినట్టు ఎక్కుతాయి. ఆ దిమ్మే ట్రనియన్. మీరు స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఉక్కు మర ఆ ఇత్తడి మరలో కొద్దిగా తిరుగుతుంది. బండి ముందు బరువంతా ఆ మరల మీదుగానే దిగుతుంది.

ట్రయంఫ్ వాళ్ల పాత హెరాల్డ్ కారుకు చేసిన ఏర్పాటే ఇది. 1962లో స్పిట్‌ఫైర్ వచ్చినప్పుడు హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి వాడుకున్నారు, ముందు సస్పెన్షన్ కూడా దాన్నుంచే వచ్చింది. మన దగ్గర మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఆ కుటుంబమే. అందుకే ఇక్కడ స్పిట్‌ఫైర్ చూసినవాళ్లు లేకపోయినా, హెరాల్డ్ విప్పిన పాత మేస్త్రి ఎవరైనా దొరికితే మీ పని సగం అయినట్టే.

ట్రనియన్ అడుగు మూసేసి ఉంటుంది. అంటే అది ఒక చిన్న జాడీ. మన ఇళ్లలో ఆవకాయ జాడీ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ముక్కల పైన నూనె తేలుతూ ఉన్నంత కాలం ఏడాదైనా చెక్కుచెదరదు. నూనె దిగిపోయి పైముక్క బయటపడిందా, అక్కడే బూజు. ట్రనియన్‌లో కూడా ఆయిల్ పైఅంచు దాకా నిలిచి ఉండాలి. పై రబ్బరు సీలు దగ్గర వాన నీళ్లు ఎప్పుడూ కాచుకుని ఉంటాయి. ఆయిల్ దిగిపోతే పై మరలకు తుప్పు పడుతుంది. లింక్ విరిగేది కూడా అక్కడే, ట్రనియన్ లోపలికి వెళ్లే మొదటి మరల దగ్గర.

గ్రీజు అయితే ఎందుకు పనికిరాదు? స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినా మర పూర్తిగా ఒక చుట్టు కూడా తిరగదు. ఆ కొద్ది కదలికకే గ్రీజు పక్కకు నెట్టుకుపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. ఆయిల్ అయితే సందుల్లోకి తనే పాకుతూ వస్తుంది. పైగా గ్రీజులో ఉండేది సబ్బు, ఆయిల్. మన రోహిణి కార్తె ఎండల్లో, షెడ్డులో తొమ్మిదేళ్లు నిలబడితే ఆయిల్ కారిపోయి సబ్బు మిగులుతుంది. అది కొవ్వొత్తి మైనంలా గట్టిపడి దారి మూసేస్తుంది. ఆ తర్వాత మీరు ఎంత మంచి ఆయిల్ పంపు చేసినా లోపలికి పోదు. గన్ బిగుసుకుంటుంది, మేస్త్రి ‘ఫుల్ అయిపోయిందండీ’ అంటాడు. లోపల మాత్రం ఎండిపోయి ఉంటుంది.

ట్రయంఫ్ వాళ్లు చెప్పింది హైపాయిడ్ గేర్ ఆయిల్, మన భాషలో 90 నంబరు ఆయిల్. 6,000 మైళ్లకోసారి, అంటే దాదాపు 10,000 కిలోమీటర్లు. ఇలాంటి బండి మన దగ్గర ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే గొప్ప, కాబట్టి కిలోమీటర్ల లెక్క మర్చిపోండి. వానలకు ముందు ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక ఒకసారి పట్టించండి. వాటర్ సర్వీసింగ్ చేయిస్తే ఆ మర్నాడు మరోసారి. ప్రెషర్ గన్ పెట్టి చక్రాల లోపల కడిగితే సీలు దాటి నీళ్లు పోవడం ఖాయం. డబ్బా కొనేటప్పుడు జీఎల్-4 అని (అది గేర్ ఆయిల్ రకానికి గుర్తు) రాసి ఉన్నది అడగండి. జీఎల్-5లో కలిపే కొన్ని రసాయనాలు ఇత్తడి జాతి లోహాలకు మంచివి కావంటారు. రెండిటికీ ధరలో పెద్ద తేడా లేదు, ఆ సందేహం ఎందుకు పెట్టుకోవాలి?

ఇప్పుడు నా కథ. 1990లలో నా దగ్గర ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. చేతిలో గ్రీజు గన్ ఉంది, కుర్రతనం ఉంది. ప్రతి మూడు నెలలకూ ట్రనియన్ల నిండా గ్రీజు కొట్టి, ఊళ్లో నా అంత బాగా బండి చూసుకునేవాడు లేడనుకునేవాణ్ణి. ఒకరోజు ఉండవల్లి గుహల దగ్గర బండి వెనక్కి తిప్పుతున్నాను. స్టీరింగ్ పూర్తిగా కోసి, నడక వేగంలో ఉన్నాను. టక్‌మని చప్పుడు. ముందు ఎడమ చక్రం కాలు విరిగిన గొడ్డులా పక్కకు వాలిపోయింది, ఫెండర్ నేలకు ఆనింది. విప్పి చూస్తే లింక్ విరిగినచోట ముప్పావు వంతు నల్లగా, పాత పగులు. కొసన పావు వంతు మాత్రమే తెల్లగా మెరుస్తోంది. అంటే అన్నాళ్లూ నేను ఆ పావు వంతు మీదే కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని తిరిగాను. అంతకు ముందు ఆదివారమే ఏలూరు వెళ్లొచ్చాం. ఈ లింకులు చాలావరకు ఇలా నెమ్మదిగా తిప్పేటప్పుడే విరుగుతాయి, మరల మీద మెలి ఎక్కువ పడేది అప్పుడే కాబట్టి. హైవే మీద విరగదన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

అందుకే మీ విషయంలో ‘ఆయిల్ కొట్టించి వెళ్లండి’ అనలేను. ఇప్పటికే గ్రీజు ఎక్కింది, తొమ్మిదేళ్లు నిలబడింది. ట్రనియన్ విప్పాల్సిందే.

జాకీ మీద మాత్రమే పెట్టి కిందకి దూరకండి, రెండు స్టాండ్లు ఛాసిస్ మెయిన్ రైలు కింద వేయండి. పక్కలకు చేతుల్లా పొడుచుకొచ్చిన భాగాల కింద వేయకండి, యాభై ఏళ్ల తుప్పుకు అవి లోపలికి దిగిపోతాయి. చక్రం తీసి, బ్రేక్ క్యాలిపర్ విప్పి తీగతో పైకి కట్టండి. హోస్ మీద వేలాడదీస్తే కొత్త ఖర్చు. తర్వాత ట్రనియన్‌ను కింది విష్‌బోన్‌కు (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేతికి) పట్టి ఉంచే బోల్టు తీస్తే, దిమ్మెను మర తిప్పినట్టు తిప్పి కిందకు దించేయొచ్చు.

ఇక్కడ ఒక ప్రాణాపాయం ఉంది, తొందరపడకండి. ముందు స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే సెట్టుగా ఉంటాయి. ఆ సెట్టు దించాలంటే పైన ప్లేటుకున్న మూడు నట్లు విప్పాలి. మధ్యలో ఉన్న ఒంటి నట్టు మాత్రం స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా ముట్టుకోవద్దు. నొక్కి పెట్టిన స్ప్రింగును పట్టుకుని ఉన్నది ఆ ఒక్క నట్టే. విప్పితే అది ఎవరి మొహం మీదికి వస్తుందో చెప్పలేం. ట్రనియన్ పనికి ఆ సెట్టు జోలికి పోవాల్సిన అవసరం కూడా ఉండదు.

బయటికొచ్చిన లింకును కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో నానబెట్టి పళ్లు తోమే బ్రష్‌తో మరలు శుభ్రం చేయండి. పై మరల దగ్గర నడుము సన్నబడినట్టు కనిపించినా, తుప్పు తిన్న గుంటలు వేలికి తగిలినా ఇంక ఆలోచించొద్దు, తీసేయండి. కంటికి బాగానే ఉంటే పగులు పరీక్ష చేయించండి. వెల్డింగ్ సామాన్ల షాపుల్లో మూడు స్ప్రే డబ్బాల సెట్టు దొరుకుతుంది. ఒకటి క్లీనరు, ఒకటి ఎర్ర రంగు, మూడోది తెల్ల పొడి. ఎర్ర రంగు కొట్టి కాసేపు ఆగి, తుడిచి, తెల్లది కొడితే, వెంట్రుక వాసి పగులున్నా ఎర్ర గీతలా పైకి తేలుతుంది. మీ ప్రాణానికి అంతకంటే చవకైన ఇన్సూరెన్స్ లేదు.

మన ఊళ్లో లేత్ పనివాళ్ల చేతి నేర్పు మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, వర్టికల్ లింక్ విషయంలో వాళ్ల మాట వినకండి. ‘మర మీద వెల్డింగ్ నింపి మళ్లీ కోసేస్తాను సార్, కొత్తదానిలా ఉంటుంది’ అంటారు. చూడటానికి ఉంటుంది కూడా. ఫోర్జింగ్ చేసిన ఉక్కు అది, వెల్డింగ్ వేడి తగిలాక ఎప్పుడు ఎక్కడ పగులుతుందో తెలియదు. కొత్త లింకులూ ట్రనియన్లూ ఇంగ్లాండులో ఇప్పటికీ తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు. లింక్ మార్చినప్పుడు ట్రనియన్ కూడా మార్చండి. కొత్త ఉక్కును అరిగిన ఇత్తడిలో పెట్టడం కొత్త బోల్టుకు పాత నట్టు వేసినట్టే. కుడి ఎడమల మరలు ఒకదానికొకటి వ్యతిరేకం, అటుది ఇటు ఎక్కదు. బిగించేటప్పుడు ఆయిల్ పూసి అడుగు దాకా తిప్పి, తర్వాత ఒక చుట్టు లోపే వెనక్కి తీసి బోల్టు రంధ్రానికి సరిపెట్టండి. అడుగుకు ఆనించి వదిలేస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మర అక్కడే తన్నుకుంటుంది. పై రబ్బరు సీలు కొత్తది వేయడం మర్చిపోకండి.

అంతా కట్టాక ట్రనియన్‌కున్న చిన్న ప్లగ్ తీసి నిపుల్ పెట్టి ఆయిల్ పట్టించండి. ఆ బండి మరలన్నీ ఇంచి లెక్కలో ఉంటాయి. షాపులో ఇచ్చిన మెట్రిక్ నిపుల్ రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటే బలవంతం చేయకండి, ఇత్తడి మర పోతుంది. ఆయిల్‌కు విడిగా ఒక చిన్న చేతి గన్ పెట్టుకోండి, దాని మీద పెయింట్‌తో ‘ఆయిల్’ అని రాయండి. లేకపోతే మీరు ఊళ్లో లేని రోజు ఎవరో ఒకరు దాంట్లో గ్రీజు నింపుతారు, నా అనుభవం. గన్‌లో ఆయిల్ పక్కల నుంచి కారుతుంది, కారనివ్వండి. చక్రం గాల్లో ఉంచి అటూ ఇటూ తిప్పిస్తూ, పైసీలు దగ్గర శుభ్రమైన ఆయిల్ ఊరేదాకా కొట్టాలి. మొదట నల్లగా, తుప్పు రంగులో వస్తుంది. అది ఆగి తేనె రంగు వచ్చాక ఆపండి. వారం తర్వాత నేల మీద చుక్కలు చాలా కనిపిస్తే అడుగు మూత కారుతోందని అర్థం.

ఇక గ్రీజు ఎక్కడెక్కడ? ముందు చక్రాల బేరింగులకు లిథియం గ్రీజు, మన దగ్గర ఎంపీ అనో ఏపీ అనో అమ్మేది చాలు. నట్టు బిగించి ఒక పలక వెనక్కి తీసి పిన్ను పెట్టండి. ఈ బేరింగు బిగుతుగా ఉండకూడదు, చక్రం పట్టుకుని ఊపితే చిటికెడంత ఆట తెలియాలి. ఆట ఎక్కువ అనిపించి అది బేరింగుదో ట్రనియన్‌దో అర్థం కాకపోతే, ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కితే ఆట పోయిందా, బేరింగుదే. పోలేదంటే కింద ట్రనియనో పైన బాల్ జాయింటో.

స్టీరింగ్ ర్యాక్‌కు కూడా ప్లగ్ ఉంటుంది, అక్కడ గ్రీజే. ఐదు పంపులు మించొద్దు. ఎక్కువ కొడితే రెండు పక్కలా ఉన్న రబ్బరు తిత్తులు ఉబ్బి చిరుగుతాయి. మీ మేస్త్రి ఆ ఉత్సాహంలో ఇక్కడెంత కొట్టాడో, ముందు తిత్తులు చూడండి. వెనక హబ్బులకూ ఇలాగే ప్లగ్ తీసి నిపుల్ పెట్టి గ్రీజు కొట్టాలి. అతిగా కొడితే సీలు దాటి డ్రమ్ములోకి పోయి బ్రేక్ లైనర్లు నానిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఎన్ని బండ్ల హబ్బులు నీళ్లు తాగాయో విజయవాడ మేస్త్రీలకు గుర్తే. మీ షెడ్డులోకి ఎప్పుడైనా మోకాలి లోతు నీళ్లొచ్చి ఉంటే పై నుంచి గ్రీజు కొట్టి సరిపెట్టకండి, బేరింగులు బయటికి తీసి కడిగించండి. నీళ్ల మీద కొత్త గ్రీజు కొడితే నీళ్లు లోపలే ఉంటాయి.

కిర్రుమనే చప్పుడు బహుశా సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్షులది. ఏ బుష్షో తెలియాలంటే మంచినీళ్లు ఒక్కో బుష్షు మీద విడివిడిగా చిలకరించి బండి మూల నొక్కి చూడండి. ఏది తడిసినప్పుడు చప్పుడు ఆగిందో అదే దొంగ. రబ్బరుకు గ్రీజు, ఇంజన్ ఆయిల్, డీజిల్ ఏదీ తగలకూడదు, ఉబ్బి జిగురైపోతుంది. మన సర్వీసింగ్ సెంటర్లలో బండి కడిగాక తుప్పు పట్టదని కిందంతా పాత ఆయిల్ స్ప్రే కొడతారు చూశారా, అది మాత్రం మీ బండికి వద్దని ముందే గట్టిగా చెప్పండి. కొత్త బుష్షులు వేశాక బోల్టులు చివరి బిగింపు బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుపోయి, కిందకి దించగానే మెలిపడి, ఏడాదికే చిరుగుతుంది. నేనైతే బిగించే ముందు ఒక్కో సీట్లో పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండేసి పెడతాను. పాలీయురితేన్ బుష్షులు వేస్తే వాటితో వచ్చే సిలికాన్ గ్రీజే రాయాలి.

షాక్ అబ్జార్బర్లకు మీరు చేయగలిగిందేమీ లేదు. అంబాసిడర్‌కు పోసినట్టు ఆయిల్ పోసే రకం కాదు, కారితే మార్చడమే.

వెనక వైపు ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. అక్కడ స్ప్రింగు అడ్డంగా, ఒకే కమాను కట్ట రెండు చక్రాలకూ. యాభై ఏళ్లకు అది వంగి ఉంటుంది. కమాన్ల షాపులో ఇంకో పట్టీ వేసి లేపుతామంటారు, మన స్పీడ్ బ్రేకర్లకు కింద తగలకుండా ఉంటుందని మీకూ ఆశ పుడుతుంది. వద్దు. ఈ బండిది స్వింగ్ యాక్సిల్, అంటే వెనక ఒక్కో చక్రం తన యాక్సిల్‌తో పాటే పైకీ కిందకీ ఊగుతుంది. వెనక భాగం పైకి లేచే కొద్దీ చక్రాలు కింద లోపలికి ముడుచుకుంటాయి. ఆ స్థితిలో మలుపులో వేగంగా ఉండి ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలితే బయటి చక్రం బండి కిందికి మడుచుకోవాలని చూస్తుంది. ఇది ఈ బండికి పుట్టుకతో వచ్చిన జబ్బు, ట్రయంఫ్ వాళ్లే 1970లో మార్క్ 4కు వెనక స్ప్రింగు ఏర్పాటు మార్చారు. మీరు లేపితే ఆ జబ్బు ముదురుతుంది. పట్టీల మధ్య ఆయిల్ కూడా పోయకండి, కొసల్లో రబ్బరు బొడిపెలుంటాయి. వెనక వర్టికల్ లింక్ కింది పొడవాటి బోల్టు గొట్టంలో తుప్పుతో ఏకమైపోయి ఉంటే ఆశ్చర్యపోకండి. అది రంపంతో కోయాల్సిందే, సాధారణంగా ఒక రోజు పని. కొత్తది వేసేటప్పుడు రాగి గ్రీజు రాస్తే తర్వాత విప్పేవాడు మిమ్మల్ని తిట్టుకోడు.

స్టీరింగ్ బరువుకు టైర్ల గాలి కూడా ఒకసారి చూసుకోండి. ఈ బండికి ముందు తక్కువ, వెనక ఎక్కువ ఉండాలి. పంక్చర్ షాపు కుర్రాడు నాలుగింటికీ ఒకే లెక్క కొట్టేస్తాడు, పక్కన నిలబడి చెప్పండి.

ఇక సూర్యలంక. ట్రనియన్లు విప్పి పగులు పరీక్ష అయ్యేదాకా బ్రాడీపేట వీధి చివరికి కూడా వద్దండీ. కార్తీకానికి ఇంకా టైముంది, సామాను తెప్పించుకునే వీలు చూసుకోండి. లింకులు బాగున్నాయని తేలి, ఆయిల్ పట్టించి, ముందు ఊళ్లోనే ఒక యాభై కిలోమీటర్లు తిప్పి, మళ్లీ ఒకసారి ఆయిల్ కొట్టి, అప్పుడు బయలుదేరండి. బాపట్ల దాటాక బండిని ఇసుకలోకి దింపొద్దు, రోడ్డు మీదే వదిలి నడిచి వెళ్లండి. ఇంటికొచ్చిన రాత్రే కింద ఉప్పు పోయేలా మామూలు గొట్టంతో మంచినీళ్లు పారించి, మర్నాడు పొద్దున ఆయిల్ గన్ తీయండి. విప్పినప్పుడు ఆ పై మరల ఫొటో ఒకటి దగ్గరగా తీసి పెట్టండి, పనికొస్తుందో లేదో చూసి చెప్తాను.